కుస్తీ ఆటలో ఇరవై నాలుగు తప్పులు

మా మామయ్యకు ఈ లోకంలో ఒక్కదాని మీదే కోపం. అది కుస్తీ వీడియో గేమ్. పన్ను సలిపినా, కరెంటు పోయినా, చొక్కా గుండీ ఊడినా తిట్లు మాత్రం దానికే.

ఆయనది పరుపుల దుకాణం. పక్కనే నాది, వీడియో గేములు బాగుచేసే దుకాణం. అది ఆయన అదృష్టం, నా ఖర్మ. ప్రతి సోమవారం నేను షట్టరు ఎత్తకముందే జాయ్‌స్టిక్ పట్టుకుని వచ్చి, వీధి వీధంతా వినబడేలా మొదలుపెట్టేవాడు.

"ఇది కుస్తీయా? కుర్చీతో నెత్తిన కొడితే మూడు సెకన్లలో లేచి గంతులేస్తున్నాడు. ఏడో తప్పు, రాసుకో."

"ఆట నేను తయారుచెయ్యలేదు మామయ్యా."

"తెచ్చిచ్చింది నువ్వే కదా."

నాలుగో తప్పు, రిఫరీకి కళ్లు లేవు. తొమ్మిదో తప్పు, పడేవాడు ఇసుక బస్తాలా పడతాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పడటమంటే ఎలాగో చూపిస్తానని కొత్త పరుపు మీద వెల్లకిలా దబ్బున పడేవాడు, గడ్డం ఛాతీకి ఆనించి, రెండు చేతులూ బారచాచి. పరుపు కొనడానికి వచ్చినవాళ్లు అంబులెన్సుకు ఫోన్ చెయ్యబోయేవారు.

ఆటలో మంచి చెప్పమంటే తప్పదన్నట్టు ఒప్పుకునేవాడు. "తాళ్లు బాగా ఊగుతాయి. చెమట బాగుంది. జనం కేకలు అచ్చం నిజమే. అందుకే నాకు ఒళ్లు మండేది. ఇంత చేసినవాళ్లకి అసలు సంగతి తెలియకపోతే ఎలా?"

అసలు సంగతి పదిహేడో తప్పు. గెలుపోటములు ముందే అనుకుని ప్రదర్శనగా ఆడే కుస్తీల్లో మామయ్య ఇరవై రెండేళ్లు ఓడిపోయాడు. అదే ఆయన ఉద్యోగం. ఎప్పుడూ గెలిచేది సింహం అని పేరుపడ్డ ఆయన స్నేహితుడు. ఎత్తి పడేసే ముందు ఒకరి మణికట్టు ఒకరు నొక్కేవారట. 'నేను బాగానే ఉన్నాను, కానివ్వు' అని దానర్థం.

"ఆ నొక్కే బటన్ ఏదిరా? కొట్టడానికి పన్నెండు బటన్లు పెట్టారు. ఎదుటివాడు ఉన్నాడో పోయాడో కనుక్కోవడానికి ఒక్కటి లేదు. బాగా ఓడినవాడికి ఒక్క మార్కు లేదు. వెధవ ఆట."

ఇంత వెధవ ఆటను ప్రతి ఆదివారం పొద్దున్నే సింహం గారింట్లో ఆడి, ప్రతిసారీ ఓడిపోయేవాడు. ఆ ఇల్లు మా దుకాణాల పైవాటాలోనే. పక్షవాతం వచ్చి సింహం గారి కుడిచెయ్యి సగం పడిపోయింది. అలాంటి మనిషి చేతిలో ఓడి, నెపం ఆట మీదికి నెట్టేవాణ్ణి ఏమనాలి? ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మొహం మీదే అన్నాను.

ఒక సోమవారం ఇరవై మూడో తప్పు వింటుంటే నాకు తిక్క రేగింది. ఆయన పరుపు మీద పడి చూపించే లోపల జాయ్‌స్టిక్ విప్పేశాను. తన్నే బటన్ కింద ఉసిరికాయంత దూది ఉండ. ఆయన దుకాణం దుమ్మే లోపల చేరిందన్నమాట. దాన్ని తీసేసి, తుడిచి, బిగించి, నోరు మూసుకుని ఇచ్చేశాను. ఆదివారం గెలిచి వచ్చి ఆయనే నాకు దండం పెట్టాలని నా ఆశ.

ఆదివారం మామయ్య పదకొండు సెకన్లలో గెలిచాడు.

సోమవారం రాలేదు. మంగళవారం వచ్చాడు కానీ అరవలేదు. నాకు భయమేసింది.

"నిన్నెవడు బాగుచెయ్యమన్నాడురా?"

"పాడైందని నువ్వే కదా మామయ్యా..."

"ఆట పాడైందన్నాను. జాయ్‌స్టిక్ పాడైందన్నానా? ఆ దూది కూరింది నేను. సింహం ముందు దొంగ ఓటమి కుదరదురా. ఇరవై రెండేళ్లు నాతో కలిసి చేసినవాడు, నేను ఒక్క వేలు వెనక్కి తీసినా పట్టేస్తాడు. నిజంగానే ఓడాలి. నేను కింద అరిస్తే వాడు పైన నవ్వుకుంటాడు. చేతికి డాక్టరు ఏ కసరత్తు చెప్పినా విసిరికొట్టాడు, ఈ ఒక్కటే పట్టుకున్నాడు. మొన్న నేను గెలిచేసరికి దీన్నీ పక్కన పడేసి, ఇంక నా వల్ల కాదన్నాడు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు."

నాకు సిగ్గేసింది. ఈ ముక్క ముందే చెప్పి చావనందుకు కోపం కూడా వచ్చింది. జాయ్‌స్టిక్ లాక్కుని, రెట్టింపు దూది కూరి, హడావిడిగా బిగించాను. ఇద్దరం పైకి వెళ్లాం.

"సింహం గారూ, మొన్న నేను తప్పు స్ప్రింగు వేశాను. అది దానంతటదే తన్నేసింది. ఆ ఆట లెక్కలోకి రాదు."

సింహం గారు నన్ను చూశారు, మామయ్యను చూశారు. తన జాయ్‌స్టిక్ కోసం చెయ్యి చాచారు.

మామయ్య బొటనవేలు అరిగేలా నొక్కాడు. నొక్కి నొక్కి చిత్తుగా ఓడాడు. "ఇరవై నాలుగో తప్పు" అంటూ వీధికి చాటడానికి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

ఆయన వదిలేసిన జాయ్‌స్టిక్ సందులోంచి తెల్లటి దూది పోగు ఒకటి బయటికి తొంగిచూస్తోంది. నేను చూసేసరికే సింహం గారి కళ్లు దాని మీద ఉన్నాయి. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, నా మణికట్టు పట్టుకున్నారు. కుడిచేత్తోనే. ఒక్కసారి నొక్కారు.

"వచ్చే వారం దూది కాస్త తగ్గించు," అన్నారు. "నేను చెప్పానని మాత్రం వాడితో అనకు."