హేమో గారి అక్షరాల పిచ్చి

హేమోకి ఉన్న జబ్బు ఒక్కటే: ఏది రాసినా, పాదానికి మూడు మాటలైనా ఒకే అక్షరంతో మొదలవ్వాలి. కవిత్వం వరకైతే ఇంగ్లీషువాళ్ళ లింకన్ ఊరు ఎలాగో భరించేది. గొర్రెకూ చేపకూ తగువు పెట్టి నాలుగువేల పాదాల కావ్యం అల్లాడు. ఏది గెలిచిందో పదేళ్ళయినా తేలలేదు, ఎవరూ అడగనూ లేదు. కానీ పొట్టకూటికి ఆయన జనానికి వీలునామాలూ ఉత్తరాలూ రాసిపెట్టేవాడు. చిక్కంతా అక్కడే.

తోళ్ళ వ్యాపారి ఓస్బర్ట్ మంచం పట్టి, పెద్దకొడుకు జాన్ పేర ఇల్లు రాయమని హేమోని పిలిపించాడు.

"జాన్‌కి ఇల్లు కుదరదండీ. జోళ్ళిద్దాం."

"మరి ఇల్లెవరికి?"

"ఇసబెల్‌కి. ఎంత ఇంపుగా ఉందో చూడండి!"

"ఇసబెల్ నా వదినయ్యా! ముప్ఫై ఏళ్ళుగా మా మధ్య మాటల్లేవు!"

ఆ కోపానికి ఓస్బర్ట్ మంచం దిగి, కర్ర పుచ్చుకుని హేమోని వీధి చివరిదాకా తరిమాడు. ఆ తరవాత పదకొండేళ్ళు బతికాడు.

హేమో రోజూ కూర్చునేది ఏవిస్ కొట్లో. ఆమె బీరు కాచి అమ్మేది. ఆమె భర్త థర్‌స్టన్ రాతిపనివాడు. రాజుగారి సైన్యంతో సముద్రం అవతలి గాస్కనీకి కోటగోడలు కట్టడానికి వెళ్ళాడు, రెండేళ్ళయినా జాడ లేదు. "పోయే ఉంటాడు" అన్నారు ఇరుగుపొరుగు. ఏవిస్ పొయ్యి వెలిగించడం మానేసింది.

అప్పుడు హేమో ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. ఉన్ని మోసే ఓడలో వచ్చిందన్నాడు. ఏవిస్‌కి చదువు రాదు. ఆయనే చదివాడు:

"ఏటి ఒడ్డున, ఏకాకినై, ఏవిస్, ఏవిస్ అని ఏడుస్తున్నాను..."

ఏవిస్ ఆయన మొహంలోకి చూసింది. థర్‌స్టన్ పెళ్ళినాడు కూడా నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి. అందులో రెండు 'ఊ'లే.

"ఇది మా ఆయనే రాయించాడా?"

"అక్షరాలా!"

"అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయిలే. ఇంకోసారి చదువు."

మర్నాడు పొయ్యి వెలిగింది. ఆపైన మూడు నెలలకో ఉత్తరం. సంగతి తెలిసినట్టు ఆమె ఒక్కనాడూ బయటపడలేదు.

మరో ఏడాదిన్నరకి థర్‌స్టన్ నిజంగానే వచ్చాడు, కాస్త కుంటుతూ. చెవులు ఎర్రబడుతుండగా కొట్టు మధ్యలో నిలబడి గొణిగాడు:

"నీకు నామీద ఇంత ప్రేముందని తెలీదే."

"ఏంటీ?"

అతను చొక్కాలోంచి మడతలు నలిగిన కాగితాలు తీశాడు. "సైన్యంలో ఉన్న ఫాదర్ చేత చదివించుకున్నా. 'తలుపు తట్టేదాకా, థర్‌స్టన్, తలగడ తడుపుతుంటా' అన్నావుగా. జ్వరంలో ఇవి పట్టుకునే పడుకున్నా. జవాబు రాయిద్దామంటే నాకు మాటలెక్కడివి?"

మూలన హేమో అప్పటికే ఒక కాలు కిటికీ అవతల పెట్టాడు.

"హేమోగారూ! నేను తలగడ తడిపానా?"

"తల్లీ, తకారానికి ఇంకేమీ దొరకలేదు!"

ఏవిస్‌కి నవ్వాగలేదు. "ఆ కాలు లోపలికి తీసుకో. కూర్చో." కొట్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద ముంత నింపి ఆయన ముందు పెట్టింది.

థర్‌స్టన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"మరి... నా దగ్గర్నుంచి కూడా ఏమైనా వచ్చాయా?"

"ఆరు," అంది ఏవిస్. "భలే ఏడ్చావయ్యా నువ్వు!"