సెలవునాటి దాణా

దాణా పిన్ని నోరంటే కలప అడితిలో అందరికీ హడలే. ఆవిడ అసలు పేరు యజమానికి కూడా గుర్తులేదు. కలప దుంగలు లాగే ఆరు గుర్రాలకు ఇరవై ఏళ్లుగా మేత వేసేది ఆవిడే. గుర్రాల సాల పక్కగదిలోనే కాపురం. కాపురమంటే ఏముంది లెండి, ఒక మంచం, ఒక కుంపటి, ఆవిడా.

బండివాళ్లకు ఆవిడ చెప్పే పాఠం ఒక్కటే. "దుంగలు లాగిన రోజున నిండుగా దాణా. ఊరికే నిలబడ్డ రోజున సగమే, మిగతాది ఎండుగడ్డి. కూర్చోబెట్టి మేపారో, మర్నాడు పనిలోకి దిగగానే నడుం పట్టేసి కూలబడుతుంది. బుర్రకెక్కిందా, ఇంకోసారి చెప్పాలా?" ఎవడైనా జాలిపడి గుప్పెడు ఎక్కువ వేశాడంటే ఆ పూట వాడికి అక్షింతలే.

ఆ వారం వాన పట్టుకుంది. అడితికి నాలుగు రోజులు సెలవు. బండివాళ్లంతా ఇళ్లకు పోయారు. పిన్నిని పలకరించడానికి నరమానవుడు లేడు. మొదటిరోజు ప్రాణానికి హాయిగా ఉందనుకుంది. రెండోరోజు తనలో తనే మాట్లాడుకుంది. మూడోరోజు ఎర్రగుర్రానికి సగం డబ్బా పోసి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నములుతున్నంతసేపూ అది చెవులు ఆవిడవైపు తిప్పి, మధ్యమధ్య తలెత్తి చూసింది. తొట్టి ఖాళీ అవగానే గోడవైపు తిరిగింది. అంతే, పిన్ని ప్రాణం ఉసూరుమంది. లేచి ఇంకో సగం పోసింది. నాలుగోరోజు, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఏకంగా రెండు డబ్బాలు.

ఐదోరోజు ఎండ కాసింది. పదేళ్లుగా ఎర్రగుర్రాన్ని తోలే పొడుగోడు దాన్ని బండికి కట్టి వీధి మలుపు దాటాడో లేదో, దాని వెనక కాళ్లు కొయ్యబారాయి. ఒళ్లంతా చెమట. వాడి కేకకు అడితి మొత్తం పరుగెత్తింది. పిన్నీ పరుగెత్తింది.

"కడుపునొప్పి! అటూ ఇటూ తిప్పితే సర్దుకుంటుంది. బండి విప్పండ్రా!" అంటూ పొడుగోడు కళ్లెం పట్టి లాగాడు.

కడుపునొప్పికైతే నడకే మందు. ఇది కడుపునొప్పి కాదని, నడిపిస్తే గుర్రం దక్కదని అక్కడ ఒక్క పిన్నికే తెలుసు. చెప్పాలంటే జరిగిందంతా తన నోటితోనే చెప్పాలి. గుర్రం ఒక్క అడుగు వేసి మూలిగింది.

"ఆపరా! నడిపించకు, చచ్చిపోతుంది! నేనే పోశాను. సెలవు రోజుల్లో నిండుగా పోశాను."

ఎవడో పక్కున నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. గుర్రాన్ని వీధిలోనే నిలబెట్టి గోనెసంచులు కప్పారు. పశువుల డాక్టరు వచ్చి సూది వేసి, కదిలించకపోవడమే దీన్ని బతికించిందన్నాడు. సాయంత్రానికి అది అక్కడికే తెచ్చిన కుడితి బకెట్లో మూతి పెట్టింది. యజమాని మాత్రం ఊరుకోలేదు. "రేపట్నుంచి దాణా డబ్బా పొడుగోడి చేతిలో ఉంటుంది. నువ్వు సాల ఊడువు చాలు" అనేసి వెళ్లిపోయాడు.

జనం చెదిరిపోయాక పొడుగోడు మెల్లిగా అడిగాడు. "మా అందరికీ బుద్ధులు చెప్పేదానివి, నువ్వే ఇలా చేశావేంటి పిన్నీ?"

"తింటున్నంతసేపే అది నావైపు చూస్తుందిరా."

వాడు తల గోక్కున్నాడు. "అంత తోచకపోతే మా ఇంటికి వచ్చేయొచ్చుగా? నాలుగు వీధుల అవతలేగా!"

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా రమ్మన్నావట్రా?"

పొడుగోడు గుర్రం వీపు మీద గోనెసంచి సర్దుతూ ఉండిపోయాడు.