మార్తమ్మ మా గడప దాటిన రోజు

మనవరాలి కాన్పుకని ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. లోపలి నుంచి మందుసబ్బు వాసన ఘాటుగా వచ్చింది. నా తొలికాన్పు నాడు మార్తమ్మ చేతుల నుంచి వచ్చిన వాసన అదే.

నైజాం పాలన చివరి రోజులవి. మోత్కూరు దగ్గరి మా ఊళ్లో మా నాయిన పోలీసు పటేలు. మార్తమ్మది ఊరవతలి క్రైస్తవుల వాడ. మిషన్ దవాఖానలో కాన్పులు చేయడం నేర్చుకుంది. నా కాన్పుకు నెల ముందు, ఆదివారం ప్రార్థన విడిచి వెట్టికి రానన్నాడని ఆమె భర్త యోహానును నాయిన చావడి ముందు కొట్టించాడు. అతని కుడిచేయి విరిగింది. నేను దర్వాజా వెనక నిలబడి చూశాను. నోరు మెదపలేదు.

రెండు రోజులు నొప్పులు పడ్డాను. బిడ్డ అడ్డం తిరిగిందని ఊరి మంత్రసాని చేతులెత్తేసింది. బండి దవాఖాన చేరేలోగా ప్రాణం నిలవదన్నారు. గతిలేక నాయిన మార్తమ్మకు కబురు పంపాడు. రాదనే అనుకున్నాం. మిట్టమధ్యాహ్నం ఎండలో రొప్పుతూ వచ్చి వాకిట్లో ఆగింది. ఆమె వాడవాళ్లెవరూ అంతవరకు మా గడప దాటలేదు.

“పటేలా, నేను లోపటికి రావాలె. మీ బిడ్డను ముట్టుకోవాలె. ఎన్క ఇల్లు కడుక్కుంటరో, ఏం జేస్తరో మీ ఇష్టం.”

నాయిన తల దించుకుని పక్కకు జరిగాడు.

మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటుంటే ఆమె వేళ్లనే చూశాను. నా ప్రాణం ఇప్పుడు ఆ వేళ్లలో ఉంది.

“నన్ను సంపుతవా మార్తమ్మా?” అని అడిగేశాను.

ఆమె సూటిగా చూసింది. “కబురు రాంగనే, నేను పోకుంటే సాలు, పటేలుకు తెలిసొస్తదనుకున్న బిడ్డా. నా లోపట గంత విషముందని గప్పుడే తెలిసింది. భయమై ఉరికొచ్చిన. ఇగ నువ్వు భయపడకు, ఊపిరి వదులు.”

బిడ్డను తిప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. మధ్యలో ఒకసారి ఆమె చేయి ఆగిపోయింది. అమ్మ ఏడుపందుకుంది. “ప్రభువా, నా చెయ్యి విడువకు,” అని మార్తమ్మ మళ్లీ మొదలుపెట్టింది. పుట్టిన ఆడపిల్ల నీలంగా, చప్పుడు లేకుండా ఉంది. మార్తమ్మ దాని నోట్లో నోరు పెట్టి ఊదింది. ఊదుతూనే ఉంది. చివరికి పిల్ల కెవ్వుమంది.

నాయిన కొత్త చీర ఇవ్వబోయాడు. “నాకేం వద్దు. ఒక్కసారొచ్చి మా ఇంటాయన చెయ్యి సూసిపోండ్రి,” అంది. నాయిన పోలేదు. బతికినన్నాళ్లూ పోలేదు.

ఇరవై ఒకటో రోజున, అమ్మ వద్దంటున్నా, బిడ్డనెత్తుకుని నేనే పోయాను. యోహాను గుడిసె ముందు కూర్చుని ఎడమచేత్తో జొన్న గటక తింటున్నాడు. “ఆ రోజు నేను చూసిన. వద్దని ఒక్క మాట అనలే. తప్పయింది,” అన్నాను. చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టాడు. తర్వాత కాస్త జరిగి, “పసిపిల్లతోని ఎండల నిలవడకు. కూసో బిడ్డా,” అన్నాడు.

సాగనంపుతుంటే మార్తమ్మను అడిగాను, మా నాయిన మీద కోపం పోయిందా అని.

“యాడ పోయింది? పొద్దున లెవ్వంగనే గాయన మొఖమే యాదికొస్తది. మోకాళ్ల మీద వడి ప్రార్థన జేసి, మల్ల మొదటికెల్లి మొదలువెడత. దినాం గింతే.”

ఆమె మతంలోకి నేను పోలేదు. కానీ ఆమె దగ్గరే కాన్పులు చేయడం నేర్చుకున్నాను. మాకు పడని ఇళ్ల నుంచి కూడా పిలుపులు వచ్చేవి. ప్రతిసారీ నా మనసు వద్దనే అనేది. దాంతో కాసేపు పోట్లాడి, చెప్పులేసుకుని బయలుదేరేదాన్ని. ఈ వయసులోనూ ఆ పోట్లాట తప్పడం లేదు.