సీసాలో మజ్జిగ

మా అపార్టుమెంటుకు చేపలు తెచ్చే ఆమెకు రోజూ గ్లాసుడు మజ్జిగ పోసేదాన్ని. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. పోస్తున్నంతసేపూ నా అంత మంచిదాన్ని తెనాలి మొత్తంలో ఇంకొకర్ని చూపించమని లోపల్లోపల గొప్పలు పోయేదాన్ని. ఆమె గ్లాసు అందుకుని, సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి అందులోకి వంపుకునేది. ఇంటి దగ్గర పిల్లలకు దాస్తోంది కాబోలని మురిసిపోయి, మర్నాటి నుంచి రెండు గ్లాసులు పోయడం మొదలుపెట్టాను.

ఆమెది రేపల్లె అవతల సముద్రపు పల్లె. నలభై ఏళ్లుంటాయేమో. చీకటుండగానే చేపలు ఎత్తుకుని, ఆటోలో రేపల్లె వచ్చి, అక్కడ రైలెక్కి మా ఊళ్లో దిగుతుంది. మా గేటు పక్కన కూర్చుని చందువాలు, కానాగంతలు శుభ్రం చేసి ఇస్తుంది. వీధులన్నీ తిరిగి తట్ట ఖాళీ చేసుకునేసరికి మధ్యాహ్నం రెండో మూడో అవుతుంది.

ఒకరోజు చేప కోస్తూ కోస్తూ పొత్తికడుపు పట్టుకుని వంగిపోయింది. కంగారుపడి మంచినీళ్లు తెచ్చిస్తే రెండు చేతులూ జోడించింది.

"వద్దమ్మగారూ. తాగితే మళ్లీ ఎక్కడికి పోవాలండీ?"

"ఎక్కడికి పోవడమేంటమ్మా?"

"తెల్లారగట్ల ఇంటికాడ పోయిందేనండి. మళ్లీ సాయంత్రం ఇంటికెళ్లాకే. అందుకే నీళ్లు తాగను. రేపల్లె డాక్టరుగారేమో నీళ్లు బాగా తాగు, లేకపోతే కిడ్నీలు పాడైపోతాయంటాడు. ఎట్టా తాగేదండీ?"

"రైల్లో ఉంటుందిగా?"

"తట్ట ఎవరికి అప్పజెప్పి పోను? స్టేషన్ కాడ ఉన్నదానికి పోయొచ్చేలోపు ఐసు కరిగిపోద్దండి."

"మరి నేను పోసే మజ్జిగ?"

"అదీ రేపల్లెలో రైలు దిగినాకే తాగుతానండి. మీరు ప్రేమగా పోసింది పారబొయ్యను" అని నవ్వింది.

నాకు చచ్చినంత సిగ్గేసింది. తెలియక కాదు, తెలిసీ మర్చిపోయినందుకు. పెళ్లయిన కొత్తలో నేను బాపట్లలో ఒక బడికి రోజూ రైల్లో వెళ్లి పాఠాలు చెప్పేదాన్ని. ఆడ టీచర్లం ముగ్గురం. ఉన్న ఒక్క బాత్రూముకూ తాళం, తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. పొద్దున కాఫీ కూడా మానేసి వెళ్లేవాళ్లం. మంట, జ్వరం, మళ్లీ మంట. చివరికొక రోజు ఆయన గదిలోకి వెళ్లి బల్ల గుద్ది అరిచాను. ఉద్యోగం ఊడినా సరే అనుకున్నాను. తాళం తీశారు. ఆ రోజు మేం ముగ్గురం కుండలో నీళ్లు ఒకరి తరవాత ఒకరం కడుపునిండా తాగాం. అంత చేసిన మనిషిని, మూడు బాత్రూములున్న ఫ్లాటులో చేరాక అదంతా శుభ్రంగా మర్చిపోయాను. ఇంట్లో ఉండేదేమో నేనూ మా ఆయనా!

మా సెల్లారులో వాచ్‌మన్ గది పక్కన ఒక బాత్రూముంది. అందులో వినాయకచవితి మండపం సామాను వేసి తాళం పెట్టారు. ఆదివారం అసోసియేషన్ మీటింగులో దాన్ని తెరవమని అడగాలనుకున్నాను. చేతిరాత బాగుంటుందని మీటింగు పుస్తకం నాకే అప్పగించారు. ప్రెసిడెంటుగారు కుర్చీలో సర్దుకుని, "ముందు కనీస అవసరాలు తేలుద్దాం, రాసుకోండి అక్కయ్యగారూ" అన్నారు. రాశాను. ఏసీలన్నీ నడిచేంత పెద్ద జనరేటరు. కార్లకు ఛార్జింగు. టెర్రసు మీద నడవడానికి ప్లాస్టిక్ పచ్చిక. పచ్చిక కనీస అవసరమేంటండీ అంటే, "మోకాళ్లు అక్కయ్యగారూ, మోకాళ్లు!" అని పదిమందీ ఒక్కసారే అన్నారు. మోకాళ్లు నాకూ నొప్పే. రాశాను.

చివర్లో నా మాట చెప్పాను. పనిమనుషులు, చేపలామె, పార్సిళ్లు తెచ్చేవాళ్లు, అందరూ వాడుకుంటారు, ఆ తాళం తీద్దామన్నాను.

"పాపం, నిజమేగానీ అక్కయ్యగారూ, అది మన అవసరం కాదుగా" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఈరోజు చేపలామె, రేపు వీధిలోవాళ్లంతా. కడిగేదెవరండీ?" అన్నారొకరు.

మండపం సామాను ఎక్కడ పెట్టాలన్నది ఇంకొకరి బెంగ. ఒళ్లు మండి, దేవుడైనా పక్కకు జరుగుతాడు గానీ మీరు జరగరన్నాను. అందరూ నవ్వేశారు. నేను జోకు వేశాననుకున్నారు. రెండో అంతస్తావిడ మాత్రం నవ్వలేదు.

"అంత బాధగా ఉంటే మీ ఇంట్లో వాడుకోమనండి" అంది.

ఆ ముక్క నాకు ఒక్కసారైనా ఎందుకు తోచలేదు?

మర్నాడు పంతంగా చేపలామెను పైకి రమ్మన్నాను. చేపల తట్ట లిఫ్టులో ఎక్కించకూడదని మా రూలు. తట్ట వాచ్‌మన్‌కు అప్పగించి, నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చింది. గుమ్మం బయట కాళ్లు చీర అంచుతో తుడుచుకుంది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. లోపలికి వెళ్లొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగింది. "అమ్మయ్య" అంది. అంత సంతోషం నేనెవరి మొహంలోనూ చూసి ఎరగను. నాకు కళ్లు చెమర్చాయి.

ఆమె మెట్లు దిగీ దిగకముందే బాత్రూములోకి వెళ్లి చూశాను. ఎందుకు చూడాలి? కొళాయి మీద చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది. ఒక్కటే. ఫినాయిల్ సీసా ఎప్పుడు తీశానో, బ్రష్షు ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియదు. గోడలూ నేలా కసిగా రుద్దుతున్నాను.

"అమ్మగారూ, నా చుట్టకుదురు ఇక్కడే మర్చిపోయినట్టున్నా..."

తట్ట కింద తల మీద పెట్టుకునే గుడ్డ చుట్ట అది. వెనక్కి తిరిగితే గుమ్మంలో నిలబడి ఉంది. ఇల్లంతా ఫినాయిల్ వాసన. నా చేతిలో బ్రష్షు. ఆమె వాషింగ్ మెషిన్ మీదున్న చుట్టకుదురు తీసుకుని, "వస్తానండి" అంది. ఎప్పుడూ అన్నట్టే అంది.

మర్నాడు పైకి రమ్మంటే, "వద్దులెండి, బేరాలున్నాయి" అంది. మరో రోజూ అదే మాట. బతిమాలాను. క్షమించమని అడుగుదామనుకున్నాను గానీ, ఏం చేసినందుకో నా నోటితో చెప్పాలి కదా, అక్కడే ఆగిపోయేదాన్ని. మజ్జిగ మాత్రం కాదనేది కాదు. సీసాలోకి వంపుకునేది. మేం చేపల గురించీ ఎండల గురించీ మాట్లాడుకునేవాళ్లం.

తరవాత వారం రోజులు రాలేదు. ఈలోగా టెర్రసు మీద పచ్చిక పరిచారు. మెత్తగా, బాగానే ఉంది. ఎనిమిదో రోజు గేటు దగ్గర అదే తట్టతో ఇంకో మనిషి కూర్చుని ఉంది. చిన్నది, పాతికేళ్లుంటాయేమో.

"ఆమె ఏదమ్మా?"

"మా తోటికోడలండి. జ్వరమొచ్చి పడిపోతే బాపట్ల ఆసుపత్రిలో చేర్చాం. కిడ్నీకి చీము పట్టిందంట. ఒకటి తీసేయాల్సొచ్చిద్దేమో అంటున్నారండి. మిమ్మల్ని తలుచుకుందండి. మజ్జిగ పోస్తారని చెప్పింది."

గబగబా పైకి వెళ్లాను. తొందరలో సగం మజ్జిగ ఒలికిపోయింది. ఈసారి చెప్పి తీరాలి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకురావాలి అనుకుంటూ గ్లాసుతో కిందికి దిగాను.

ఆ పిల్ల గ్లాసు అందుకుంది. నేనింకా నోరు తెరవలేదు, సంచిలోంచి సీసా తీసింది.