పెద్ద మానిటర్ కుడి అంచు

అట్టపెట్టె చూసి మా ఓనరమ్మ టీవీ అనుకుంది. ఆటో అతనూ నేనూ చెరో పక్క పట్టుకుని మెట్లెక్కుతుంటే కింద గుమ్మంలో నిలబడి, "ఒక్కదానివి, గింత పెద్ద టీవీ ఏం జేసుకుంటవమ్మా?" అని అడిగింది. టీవీ కాదు, ఆఫీసు వాళ్లు పంపిన కంప్యూటర్ మానిటర్ అని చెప్పాను. నమ్మలేదు. నాకు ముక్కు మీద కోపం అని మావాళ్లంటారు, నిజమే. ఆమె అన్న ఆ 'ఒక్కదానివి' అనే మాటకు ఒళ్లు మండి ఆ పూట అన్నం కూడా వండుకోలేదు.

నాకు పెళ్లి చేశారు, అది నిలవలేదు. దాని గురించి ఇంతకంటే రాయను. మా ఊరు దుమ్ముగూడెం దాటి లోపలికి పోవాలి. అక్కడ అన్న ఇంట్లో ఉండొచ్చు గానీ, చినుకు పడితే నెట్ పోతుంది, చినుకు ఆగినా రాదు. ఖమ్మంలో మా ఆఫీసు మూసేసి, ఇక ఎవరింట్లో వాళ్లు కూర్చుని పని చేయమన్నారు. ఊరికి పోయే దారి లేదు, ఖమ్మంలో ఉండబుద్ధి కాలేదు. భద్రాచలంలో ఈ మేడ మీది గది కిరాయికి తీసుకున్నాను. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్లు ఇద్దరే. ఒకరు పాలాయన, ఇంకొకరు ఈ ఓనరమ్మ.

మా పని ఏమిటో చెప్పాలి. పాత తెలుగు పుస్తకాలను ఎక్కడో స్కాన్ చేస్తారు. ఆ బొమ్మలోని అక్షరాలను యంత్రమే చదివి టైపు చేస్తుంది. అది చదివే తీరు చూస్తే ఒకటో తరగతి పిల్లలు నయం. స్కాన్ పేజీనీ, టైపు పేజీనీ పోల్చి చూస్తూ తప్పులు దిద్దడం మా ఉద్యోగం. చిన్న మానిటర్లో రెండు పేజీలు పట్టవు. ఒకటి చూసి, దాన్ని దించి, ఇంకొకటి తెరిచేలోపు ఏ మాట దగ్గర ఉన్నామో మర్చిపోతాం. అందుకే ఈ పెద్దవి పంపారు.

పెద్దది వస్తే పని సులువవుతుందనుకున్నాను. నా మొహం. ఉన్న జాగానంతా వాడాలని ఒకే పేజీని ఈ కొస నుంచి ఆ కొసదాకా పరిచి చదివాను. వరుస మొదట్లో ఉన్న మాట చివరికి వచ్చేసరికి గుర్తుండేది కాదు. మెడ అటూ ఇటూ తిప్పలేక తల ప్రాణం తోకకొచ్చింది. పైగా కిటికీకి ఎదురుగా పెట్టుకున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి తెర మీద అక్షరాలకు బదులు ఎదురింటి నీళ్ల ట్యాంకు కనిపించేది. ఓపిక నశించి అక్కకు ఫోన్ చేశాను.

అక్క అంటే తోడబుట్టింది కాదు. ఖమ్మం ఆఫీసులో నా పక్క కుర్చీ. నాకంటే బాగా పెద్దది. క్రైస్తవులు. ఖమ్మంలో సొంత ఇల్లుంది, ఇంట్లో ఆమే, భర్తే. ఆయన్ని నేను బావా అంటాను. నా పెళ్లి చెడిన రోజుల్లో ఆఫీసులో అందరూ నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అక్క ఒక్కతే ఎప్పటిలాగా, పేజీ ఆలస్యమైందని తిట్టింది. ఆ తిట్టుకే నేను ఆమె మనిషినైపోయాను.

ఫోన్లో నా గోడంతా విని, "కిటికీకి ఎదురుంగ కాదు, పక్కకు తిప్పు," అంది. "చెయ్యి చాపితే అందేటంత దూరం ఉండాలె. పై అంచు నీ కండ్లకు సమానంగ రావాలె, తక్కువైతే కింద ఏమన్న పెట్టు. ఎడమకు స్కాను, నడిమిట్ల టైపు. రెండిట్ల వరుసలు ఒక్క ఎత్తుకు రావాలె, అప్పుడు కన్ను అడ్డంగ పోతది, మెడ తిరగది. తెర మొత్తం నింపకు. కుడి దిక్కు జరంత సందు వదులు."

"సందు దేనికక్కా?"

"నాకు," అంది.

మరునాటి నుంచి ఆ సందులో అక్క ఉంది. పొద్దున తొమ్మిదింటికి వీడియో కాల్ చేసేది, ఆరింటిదాకా ఉంచేవాళ్లం. మాటలుండవు. మాట వినిపిస్తుంటే చదవలేం కాబట్టి ఇద్దరం మైకు ఆపేసుకునేవాళ్లం. ఏదైనా అడగాలంటే చెయ్యి ఎత్తాలి, అంతే. ఆమె చాయ్ తాగుతుంటే నేనూ లేచి పెట్టుకునేదాన్ని. వెనకాల బావ బనీను మీద అటూ ఇటూ తిరుగుతుంటే అక్క తల తిప్పకుండానే చేత్తో ఆయన్ని పక్కకు పొమ్మనేది. మూగ సినిమా చూసినట్టుండేది గానీ, గదిలో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండేది. ఆరింటికి చెయ్యి ఊపి కాల్ ఆపేసేది. ఆ తర్వాతి సంగతి అడగొద్దు.

ఆదివారాలు మరీ ఘోరం. అక్క చర్చికి పోయేది. నేను సాయంత్రం గోదావరి కరకట్ట మీదికి నడిచేదాన్ని. గుడికొచ్చిన కుటుంబాలు అక్కడ ఫోటోలు దిగుతుంటాయి. ఒంటరిగా ఉన్న మనిషిని వాళ్లు ఎలా పసిగడతారో తెలియదు, ప్రతిసారీ నా దగ్గరికే వచ్చి ఫోన్ చేతిలో పెడతారు, "జర ఒక ఫోటో తియ్యండమ్మా" అని. ముసలివాళ్లను ముందు కూర్చోబెట్టి, పిల్లలను దగ్గరికి జరిపి, తీసిస్తాను. థాంక్స్ చెప్పి, ఎవరైనా కళ్లు మూశారేమో చూసుకుంటూ వెళ్లిపోతారు. ఎంతమంది ఫోన్లలో నేను తీసిన ఫోటోలున్నాయో. నేను ఒక్కదాంట్లోనూ లేను.

అక్క పనితనం గురించి చెప్పాలి. ధ, థ చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. థ పొట్టలో చుక్క ఉంటుంది, ధకు ఉండదు. సగం మంది తెలుగువాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు. కథను కధ అని రాస్తారు, ప్రార్థనను ప్రార్ధన అని రాస్తారు. ఆ చివరి తప్పును మాత్రం అక్క జన్మలో క్షమించదు. ఒకసారి వాళ్ల చర్చి గేటుకు 'ఉపవాస ప్రార్ధన' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారట. పాస్టరుగారు వద్దమ్మా అంటున్నా వినకుండా దాన్ని విప్పించి, చుట్టి, ఫ్లెక్సీ షాపుకు తీసుకుపోయి, "చుక్క పెట్టి ఇయ్యి, లేకపోతే ఈడ్నే కూసుంట" అని కూర్చుంది. వాడు చివరికి నల్ల మార్కరుతో చుక్క పెట్టి దండం పెట్టాడట. ఈ కథ ఆఫీసులో నాకు అందరూ చెప్పారు, అక్క తప్ప.

వానలు తగ్గే రోజుల్లో అక్క ముఖం నా తెర అంచులో పెద్దదవడం మొదలైంది. నుదురు మాత్రమే కనిపించేది, ఒక్కోసారి ఒక కన్ను. "ఏందక్కా, మానిటర్లకు దూరుతున్నవా? చెయ్యి చాపినంత దూరమని నాకు చెప్పినవ్ గద," అని మైకు తెరిపించి ఏడిపించాను. నవ్వి వెనక్కి జరిగింది. కాసేపటికి మళ్లీ నుదురే.

ఒకరు దిద్దిన పేజీని ఇంకొకరు మళ్లీ చూడాలని మా పనిలో నియమం. అక్క పేజీలను నేను ఊరికే అలా చూసి పంపేదాన్ని, వాటిలో తప్పు ఎక్కడుంటుంది? ఒక రోజు ఆమె పంపిన పేజీలో నా కన్ను ఆగింది. స్కాన్లో 'ప్రార్థన' చక్కగా చుక్కతో ఉంది. యంత్రం చుక్క లేకుండా 'ప్రార్ధన' అని కొట్టింది. అక్క దాన్ని అలాగే వదిలేసింది. తొందరలో పోయిందేమో అనుకున్నాను. తర్వాతి పేజీలోనూ అదే మాట, అదే తప్పు.

చెయ్యి ఎత్తాను. మైకు తెరిచింది.

"అక్కా, ప్రార్థనకు చుక్క లేదు."

"యాడ?"

"మూడో వరుసల, మొదట్ల."

ఆమె ముఖం తెర దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. చాలాసేపు వెతికింది.

"నాకు కనిపిస్తలేదు చెల్లె," అంది.

షుగరు కళ్లకు పాకిందట. కంటి దవాఖానాలో సూదులు వేస్తున్నారట. ఉన్నది నిలిస్తే గొప్ప, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడట. "పక్కలకు కనిపిస్తది. ఏది చూద్దామనుకుంటనో గదే పోతది, నడిమిట్ల మబ్బు," అంది. మేనేజరుకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "తెలిస్తె తీసేస్తరు. పని లేకపోతె ఇంట్ల నేనేం జెయ్యాలె? టీవీ కూడ అగుపడది." నాకు భయమేసింది. ఆమె కళ్ల గురించి ఎంత భయమో, పని పోతే నా గదిలోంచి ఆ మనిషి పోతుందనీ అంతే భయం. అబద్ధం ఎందుకు, రెండూ కలిసే వచ్చాయి.

పెద్ద మానిటర్ ఉండగా దిగులెందుకని ఇద్దరం దాని మీద పడ్డాం. తెల్ల కాగితం కళ్లలో గుచ్చుకుంటోందంటే నలుపు మీద తెల్ల అక్షరాలు వచ్చేలా చేయించాను. అక్షరాలు పెంచాం. తెర మీద ఒక్క పేజీ పట్టేలా, తర్వాత అర పేజీ, తర్వాత నాలుగు వరుసలు. దసరా దాటాక ఒక్కొక్క మాటే తెర నిండా గడప బండంత వచ్చేది. ఆ మాటను కూడా అక్క నేరుగా చూడలేదు, కోడి చూసినట్టు తల పక్కకు వంచి చూసేది. చుక్క మాత్రం పట్టుకునేది.

"మరి నన్నేడ పెట్టినవక్కా?" అని అడిగాను ఒకసారి.

"తీసేసిన. జాగ లేదు. నీ గొంతు చాలు తియ్."

నా తెర అంచులో ఆమె ఉంది, ఆమె తెర మీద నేను లేను. నొచ్చుకున్నాను. నొచ్చుకోకూడదు గానీ, నొచ్చుకున్నాను.

అప్పటినుంచి మైకులు తెరిచి పెట్టుకున్నాం. స్కాన్ నేను పైకి చదవాలి, అక్క తన తెర మీది మాటతో సరిచూసుకోవాలి. అక్కడే వచ్చింది తిప్పలు. మన నోట్లో ధ, థ ఒకలాగే పలుకుతాయి. నేను 'అర్థం' అన్నా, ఇంకేదన్నా, అక్క ఆపేసి, "చుక్కదా, ఒట్టిదా?" అని అడిగేది. "చుక్కది," అనేదాన్ని. "వ్యాధి?" "ఒట్టిది." "వ్యథ?" "చుక్కది." రోజంతా ఇదే పాట. ఓనరమ్మ మెట్ల కింద నుంచి, "ఎవరొచ్చిన్రమ్మా, మాటలినొస్తున్నయ్?" అని అడిగింది. "మా అక్క," అన్నాను. చెప్తే సిగ్గుచేటు, ఈ గదిలో నేను సంతోషంగా ఉన్నది ఆ రోజుల్లోనే.

కానీ పేజీలు కదల్లేదు. నా పేజీలూ ఆగిపోతున్నాయి. మేనేజరు నాకు మెసేజ్ పెట్టాడు, ఏమైందని. నెట్ బాగోలేదని అబద్ధమాడాను. ఆ సంగతి అక్కతో అన్నాను. ఆమె నేను వింటుండగానే, వేరే ఫోన్లో స్పీకరు పెట్టి మేనేజరుకు కలిపింది.

"సార్, నాకు కండ్లు పోయినయ్. నేను దిద్దిన పేజీ ఇగ తీసుకోవద్దు," అంది. అంతే. పక్కింటావిడతో రేపు నీళ్లు రావట అన్నంత మామూలుగా చెప్పింది. మేనేజరు మంచివాడే, పాపం, ఏం అనాలో తెలియక మానిటర్ మీరే ఉంచుకోండి మేడం అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఎందుకు చెప్పినవ్, ఇంకొన్నాళ్లు లాగుదుము గదా అని అరిచాను. "తప్పు పోతే పుస్తకంల అచ్చయిపోతది పిల్లా. ఫ్లెక్సీ అయితే విప్పుకొస్త, పుస్తకం ఏడికెళ్లి విప్పాలె?" అంది. ఆరింటికి చెయ్యి ఊపి కాల్ ఆపేసింది.

మరునాడు తొమ్మిదింటికి కూర్చున్నాను. ఎడమకు స్కాన్, మధ్యలో టైపు, కుడి అంచు ఖాళీ. పేజీని కొంచెం పెద్దది చేసి ఆ ఖాళీని కప్పేద్దామా అని చూశాను. చెయ్యి రాలేదు. ఒక వరుస చదివాను, ఏం చదివానో తెలియలేదు. మళ్లీ చదివాను.

కాల్ వచ్చింది. అక్క నుదురు.

"పని లేదు గదక్కా, ఎందుకు చేసినవ్?" అన్నాను.

"పని లేకపోతె చెయ్యొద్దా? ఇప్పుడు నా తెరంత ఖాళీయే గద. బావ నిన్ను పెద్దగ చేసిపెట్టిండు. ఈ కొసకెళ్లి ఆ కొసదాక నువ్వే ఉన్నవ్."

"కనిపిస్తున్ననా?"

"కనిపించక? మంచిగ కనిపిస్తున్నవ్."

నాకు ఏడుపు ఆగలేదు. ముఖం తిప్పుకుందామనుకున్నాను, తిప్పుకోలేదు. ఖమ్మంలో ఆ ఇంట్లో, అంత పెద్ద తెర మీద నా కళ్లు, ముక్కు, చెంపల మీది నీళ్లు అన్నీ గోడంత ఉండి ఉంటాయి. అక్క ముక్కు ఆనేంత దగ్గరికి వచ్చింది. తల ఇటు వంచింది, అటు వంచింది.

"ఏందే, మాట్లాడవ్," అంది. "నవ్వుతున్నవా?"

"అవ్ అక్కా," అన్నాను.