ఆగిన ఫ్యాన్ ఒక్కటే సాక్ష్యం

ఈ రోజు నా ఫైనలియర్ ప్రాజెక్టు వైవా. కంప్యూటర్‌ని నడిపించే కెర్నల్‌ని నా పాత మెషీన్‌కి సరిపడేంత చిన్నగా కుదించడానికి ఆరు నెలలు పట్టింది. సీపీయూని ఉయ్యూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని విజయవాడ తెచ్చాను. ఆన్ చేస్తే తెరంతా నలుపు. అప్పుడు గుర్తొచ్చింది, అనవసరమనుకుని నిన్న తీసేసిన వాటిలో తెర మీద అక్షరాలు చూపించే కన్సోల్ డ్రైవర్ కూడా ఉందని.

"లోపల నడుస్తోందండీ, చూడండి సార్" అంటూ గుడ్డిగానే లాగినై, ఆగిపొమ్మని కమాండ్ కొట్టాను. సీపీయూలోని ఫ్యాన్ ఆగింది.

ఎగ్జామినర్ గారు కళ్లజోడు తీశారు. "ఆపడానికైతే బటన్ ఉందిగదమ్మా!"

మార్కుల గడిలో గీత పెట్టేశారు. అది నా మాట వినే ఆగింది. మీరైనా నమ్ముతారా?