మెట్లు దిగిన తుపాను

మా తమ్ముని పడుగును ముంచిన వానకు పేరు లేదు. సముద్రం మీద ఉన్నన్ని దినాలు దానికి పేరుండె, పేపర్ల ఫోటో ఉండె. మా దేవరకొండ దిక్కు వచ్చేసరికి అన్నీ ఊడగొట్టి, ‘బలహీనపడింది’ అని ఒక్క మాట రాసి చేతులు దులుపుకున్నరు. ఆ మాట మీద నాకు ఇయ్యాల్టికీ కోపమే.

తెలంగాణ వచ్చిన కొత్తల, ఆ రోజుల్లో నాకు అరవై రెండేండ్లు. ఇప్పుడు చూస్తే అది పడుచుతనమే అనిపిస్తది. అన్నీ తెలుసనుకునే వయసు ఏదైనా పడుచుతనమే గదా. ఐదో తరగతిల బడి మానేసినోన్ని. నూలు చుట్టి వచ్చిన పాత కాగితాలు చదివి చదివి లోకజ్ఞానం సంపాదించిన (అందుకే నా జ్ఞానంల మొదలుంటే చివర ఉండదు, చివరుంటే మొదలుండదు). మా నేతగాళ్ల వాడల నన్ను ‘పేపరు పెద్దయ్య’ అనేటోళ్లు. వెక్కిరింపని తెలిసినా పలికేటోన్ని.

ఆ ఏడు కార్తీకంల గుట్టమీది అమ్మవారికి చీర నేసే వంతు మా తమ్మునిది, అంటే మా చిన్నాయిన కొడుకుది. పదకొండు ఇండ్లకు తిరిగే వంతు. ఒక్కసారి తప్పితే మళ్ల పదకొండేండ్లు ఆగాలె. జాతర ఇంక ఇరవై దినాలుంది. పడుగును, అంటే చీర నిలువు పోగులను, వీధి పొడుగునా గుంజలకు కట్టి, గంజి పట్టించి, ఎండకు ఆరబెట్టాలె. ఆ పూట గట్టి జల్లు పడితే గంజి కారిపోయి పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుంటయి. అందుకని తమ్ముడు పొద్దున్నే చాయ్ హోటల్ కాడికి వచ్చి అడిగిండు, “అన్నా, గా తుపాను ఏడిదాంక వచ్చింది? రేపు పడుగు చాపాల్నా, వద్దా?”

సూటిగ అడిగిన మాటకు సూటిగ చెప్తే నేను పేపరు పెద్దయ్యను ఎట్లయిత? ముందు సముద్రాలన్నీ తిప్పిన. మన దిక్కు తుపాను అనేదాన్నే అమెరికా దిక్కు హరికేన్ అంటరని, చైనా, జపాన్ దిక్కు టైఫూన్ అంటరని చెప్పిన.

“మన పాలమూరు మల్లయ్య బొంబాయికి పోయి మల్లేష్ భాయ్ అయినట్టు,” అన్నడు తమ్ముడు.

“గట్లనే. మన సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ పేర్లు రాసి పెట్టుకుంటయి. వంతుల వారీగ ఒక్కోటి తీస్తరు, ఒకసారి వాడింది మళ్ల వాడరు. అమెరికా దిక్కయితే ఆరేండ్లకోసారి అవే పేర్లు తిరిగొస్తయి. మరీ పాడు పని చేసినదాని పేరు మాత్రం కొట్టేస్తరు.”

“మంచి పంచాయితే. గది సరే, వానొస్తదా?”

అప్పుడు మెట్లు లెక్కబెట్టిన. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, దాని మీద తుపాను. ఆ మెట్టెక్కితేనే పేరు. ఇదేమో తీరం దాటి, మెట్లు దిగి, వట్టి వాయుగుండమైంది. కలెక్టరు దిగి గుమాస్తా అయినంక ఎవరు భయపడ్తరని అడిగిన.

“బలహీనపడ్డదిరా. ఫికర్ లేదు, చాపు,” అన్న.

చాపిండు. తెల్లారంగ గంజి పట్టించిండ్రు. తొమ్మిదింటికి మబ్బు పట్టింది, పదింటికి గుమాస్తా దిగిండు. గాలి లేదు, ఉరుము లేదు. కుండ బోర్లించినట్టు వాన. వాడంత ఉరికొచ్చి గుంజలు ఊడబీకేలోపు గంజి తెల్లగ మోరీల పారింది. ఇంట్ల మగ్గం గుంట నిండి, కాళ్ల కింది పలకలు తేలినయి. మూడు దినాలు వదల్లే.

మరదలు అంటుకున్న పోగులు విడదీసుకుంటనే అన్నది, “బావా, గుమాస్తా అంటివి గదా, మరి గిదేంది?” ఈ పడుగుతోని జాతరకు చీర అందదని వాడ పెద్దలు కూసోని వంతును పక్కింటికి మార్చిండ్రు. తమ్ముడు ఇంటికొచ్చినంక, “పదకొండేండ్లకు నా కండ్లకు పోగు కనబడ్తదా అన్నా?” అని మాత్రం అడిగిండు. ఆనాటి నుంచి నాతోని మాట బందు.

తప్పు ఒప్పుకునే రకం కాను గనుక వాతావరణ ఆఫీసుకు ఉత్తరం రాసిన. ‘వీధిని ముంచినదాన్ని బలహీనపడిందని ఎట్ల అంటరు? సముద్రంల చేపలకు పేరు చెప్పి, మా మెట్ట జాగాకు వచ్చేసరికి అనామకం చేస్తరా?’ మూడు ఉత్తరాలకు ఒక్క జవాబు వచ్చింది, మర్యాదగనే. ఆ మెట్లు గాలి వేగాన్ని కొలిచి కట్టినవట. గాలి తగ్గిన వాయుగుండం ఒక్కకాడ నిలబడితే తుపాను కంటే ఎక్కువ కురవచ్చట. వానకు హెచ్చరిక వేరే, రంగుల్ల ఉంటదట. ఆనాడు మా జిల్లాకూ ఇచ్చినమని రాసిండ్రు. పాత పేపరు తీసి చూసిన. ‘బలహీనపడింది’ అన్న పుటలనే, అడుగున ఉన్నది. (నేను చాయ్ గ్లాసు దాని మీదనే పెట్టిన, గుండ్రటి మరక ఇంకా ఉంది.) కోపం పోలే గని, సగం నా మీదికి మళ్లింది.

ఇప్పుడు ఆ పెద్దయ్యను తలుచుకుంటే నవ్వొస్తది, జర జాలి కూడ. అడిగింది ఒక వీధి మీద పడే వాన గురించి. చెప్పింది లోకంలున్న సముద్రాలన్నిటి గురించి. ‘నాకు తెల్వదు తమ్మీ’ అనుడు ఏ కాగితంల చదవలే మరి.

రెండేండ్లకు మా ఇంటి వంతు వచ్చింది. మా ఇంట్ల మగ్గం ఎన్నడో పోయింది, వంతు మాత్రం మిగిలింది. తమ్ముని గడప కాడ నిలబడి, “నా వంతు నువ్వు నెయ్యి,” అన్న. వాడు మగ్గం ఆపలే, తలెత్తలే. నాలుగో దినం మరదలు వచ్చి జవాబు చెప్పింది:

“నేస్తడట బావా. పడుగు ఏ దినం చాపాల్నో మాత్రం నిన్ను చెప్పొద్దన్నడు.”